ఆహారం ధర్మసమ్మతమే, మరి దాన్ని మోసే కవరు?

రంజాన్ మాసంలో అస్ర్ నమాజు ముగిశాక మా మస్జిదు ఆవరణలో ఇఫ్తార్ గంజి పంపిణీ జరుగుతుంది. ఒకప్పుడు పిల్లలు ఇళ్ళ నుండి చెంబులు, సత్తు గిన్నెలు, క్యారియర్లు పట్టుకొని బారులు తీరేవారు. ఇప్పుడు పొగలు కక్కే గంజిని పల్చటి రంగు కవర్లలో పోసి, మూతి ముడివేసి ఇవ్వడం అలవాటయింది. ఆ పంపిణీలో మదరసా విద్యార్థులతో పాటు మేమూ ఏళ్ళ తరబడి పాలుపంచుకొన్నాము.

గత రంజాన్‌లో ఒక విద్యార్థి ఖాళీ కవరును విప్పి వాసన చూసి, "హజ్రత్! ఇందులో ఫినాయిలు వాసన వస్తున్నది. ఇది ఇంతకు ముందు ఏ డబ్బానో?" అని అడిగాడు. తోటి పిల్లలు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఎందుకంటే, ఆ ఉదయమే మేము అతనికి తహారత్ అధ్యాయంలో పాత్రల పరిశుభ్రతను బోధించి ఉన్నాము. నీటి రకాలు, బావుల శుద్ధి, గిన్నెల శుద్ధి గురించి గంటల కొద్దీ చెప్పే మేము, చేతిలోని కవరు గతమేమిటని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మాంసం కొనేటప్పుడు జబహ్ సక్రమంగా జరిగిందా అని మనం విచారిస్తాము. అది మన విశ్వాసం కోరే జాగ్రత్త. అయితే దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 168వ ఆయతు మానవులందరినీ ఉద్దేశించి, భూమిపై ఉన్న వాటిలో హలాల్ అయినవీ, తయ్యిబ్ అయినవీ తినమని ఆదేశిస్తున్నది. హలాల్ అంటే ధర్మసమ్మతం. తయ్యిబ్ అంటే పరిశుద్ధం, హానిరహితం, మేలైనది. మొదటి మాటను మనం గట్టిగా పట్టుకొన్నాము. రెండవ మాటను దుకాణం గుమ్మం దగ్గరే వదిలేస్తున్నాము.

ప్లాస్టిక్‌కు గల ఒక గుణాన్ని మన గృహిణులు శాస్త్రజ్ఞుల కంటే ముందే ఎరుగుదురు. పసుపు వేసిన కూరను ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ఎంత తోమినా ఆ పసుపు మరక పోదు. ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ సీసాలో ఆ వాసన నెలల తరబడి నిలుస్తుంది. అదే గాజు సీసానో స్టీలు గిన్నెనో అయితే ఒక్క కడుగుతో శుభ్రమవుతుంది. ప్లాస్టిక్ తనలో పోసిన పదార్థాన్ని కొంత లోపలికి పీల్చుకొంటుంది. పీల్చుకొన్నదాన్ని తరువాత మెల్లమెల్లగా బయటికి వదులుతుంది. ఆహారం వేడిగా ఉన్నా, నూనె ఎక్కువగా ఉన్నా, పులుపు ఉన్నా, ఎక్కువ సేపు నిలువ ఉన్నా ఈ వదలడం అధికమవుతుంది. మన నిహారీ, సాలన్, హలీం, పులుసు అన్నిటిలోనూ ఈ లక్షణాలలో ఒకటో రెండో తప్పక ఉంటాయి.

ఇక రీసైకిల్ ప్లాస్టిక్ సంగతి చూద్దాము. చెత్తకుప్పల నుండి, పాత సామాన్ల దుకాణాల నుండి ఏరిన ప్లాస్టిక్‌లో పాల కవర్లతో పాటు పురుగుమందు డబ్బాలు, ఇంజన్ ఆయిల్ క్యాన్లు, ఫినాయిలు సీసాలు, రంగుల బక్కెట్లు కూడా ఉండవచ్చు. చిన్న షెడ్లలో వీటిని పైపైన కడిగి, ముక్కలు చేసి, కరగించి గుళికలుగా మార్చి, ఆ గుళికలతో మళ్ళీ కవర్లు, టబ్బులు, మగ్గులు చేస్తే, లోపలికి ఇంకిన మందు లోపలే ఉండిపోతుంది. రకరకాల రంగులు కలిసిపోయిన ముద్ద వికారంగా కనబడకుండా ముదురు రంగు కలుపుతారు. నల్ల ప్లాస్టిక్ విషయంలో మరొక ప్రమాదమున్నది. పాత టీవీల, కంప్యూటర్ల పెంకులలో మంటలు అంటుకోకుండా బ్రోమిన్ రసాయనాలు కలుపుతారు. ఆ పెంకులు రీసైక్లింగ్‌లో కలిసిన కారణంగా వంటింటి నల్ల గరిటెలలో సైతం ఆ రసాయనాలు కనబడినట్లు వివిధ దేశాల పరిశోధకులు గుర్తించారు.

అయితే ఒకసారి వాడిన వస్తువు శాశ్వతంగా అపరిశుద్ధమేనా? కాదు. ఇక్కడ మనకు హదీసు గ్రంథాలలో చక్కని మార్గదర్శకత్వం లభిస్తున్నది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ మైమూనా (రజి) విముక్తి చేసిన ఒక పరిచారికకు సదఖాగా వచ్చిన మేక చనిపోయింది. దానిని పారవేశారు. అటుగా వెళుతున్న దైవప్రవక్త (స) దానిని చూసి, దీని చర్మాన్ని తీసి, పదును చేసి ఎందుకు వినియోగించుకోలేదని ప్రశ్నించారు. అది చచ్చిన జంతువని చెప్పగా, నిషిద్ధమైనది దానిని తినడమేనని వివరించారు.

ఈ ఒక్క సంఘటనలో రెండు బోధనలున్నాయి. మొదటిది, పనికివచ్చేదాన్ని పారవేయరాదు. దుబారాను ధర్మం గర్హిస్తుంది. రెండవది, ఆ చర్మాన్ని ఉన్నదున్నట్లు వాడమని ఆయన చెప్పలేదు, దిబాగత్ చేయమన్నారు. అంటే లోపలి తేమను, కొవ్వును, కుళ్ళును తొలగించి పదును పెట్టమన్నారు. పచ్చి చర్మాన్ని కోసి సంచిగా కుట్టినంత మాత్రాన అది శుద్ధి కాదు. రూపం మారడం వేరు, శుద్ధి కావడం వేరు. పురుగుమందు డబ్బాను కరగించి కవరుగా సాగదీయడం చర్మాన్ని కోసి కుట్టడం వంటిదే. దిబాగత్ అందులో జరగలేదు.

అలాగే హజ్రత్ అబూ సాలబా ఖుషనీ (రజి) తమ ప్రాంతంలో గ్రంథప్రజల పాత్రలలో తినవచ్చునా అని అడిగినప్పుడు, వేరే పాత్రలు దొరికితే వాటిలో తినవద్దని, దొరకనిచో కడిగి తినమని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. పాత్రకు గతమున్నదనీ, ఆ గతాన్ని విచారించాలనీ, మేలైనది దొరికినప్పుడు దానినే ఎన్నుకోవాలనీ దీనివల్ల తెలుస్తున్నది.

మన దేశపు చట్టం కూడా ఇదే తోవలో నడిచింది. రీసైకిల్ ప్లాస్టిక్ సంచులలో ఆహారపదార్థాలు పెట్టి ఇవ్వరాదని 1999 నాటి నియమాలే చెప్పాయి. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఆ నిషేధాన్ని కొనసాగించాయి. ఆహార భద్రతను పర్యవేక్షించే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. సంస్థ 2018లో ప్యాకేజింగ్ నిబంధనలు వెలువరిస్తూ రీసైకిల్ ప్లాస్టిక్‌ను మాత్రమే గాక, వార్తాపత్రికలలో తినుబండారాలు చుట్టి ఇవ్వడాన్ని కూడా నిషేధించింది. ప్లాస్టిక్ నుండి ఒక కిలో ఆహారంలోకి మొత్తం మీద 60 మిల్లీగ్రాములకు మించి పదార్థాలు దిగరాదని పరిమితి పెట్టింది.

తరువాత 2022లో ఈ నిబంధనను సడలించడానికి దారి తెరిచారు. 2025లో నీళ్ళ సీసాలు, శీతలపానీయాల సీసాలు తయారయ్యే పెట్ అనే ఒక్క రకం ప్లాస్టిక్‌ను రీసైకిల్ చేసి ఆహారానికి వాడేందుకు షరతులతో అనుమతి లభించింది. దీని వెనుక పర్యావరణ అవసరమున్నది. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో 2025-26 నుండి 30 శాతం, 2028-29 నాటికి 60 శాతం రీసైకిల్ సరుకు ఉండాలని ప్రభుత్వం కంపెనీలకు లక్ష్యం విధించింది.

నిన్నటి దాకా నిషిద్ధమైనది నేడు ఎలా సమ్మతమయిందని కొందరు అడుగుతున్నారు. జవాబు దిబాగత్‌లోనే ఉన్నది. పెట్ తక్కిన రకాల కంటే తక్కువ పీల్చుకొంటుంది. అనుమతి పొందే కర్మాగారాలలో సీసాలను వేరుచేసి, కాస్టిక్ సోడా కలిపిన వేడినీటిలో కడిగి, ముక్కలు చేసి, గాలి తీసివేసిన పాత్రలలో సుమారు 200 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచుతారు. లోపల ఇంకిన పదార్థాలు అప్పుడు ఆవిరై బయటికి పోతాయి. ఇటువంటి పద్ధతిని పరీక్షించడానికి ముక్కలలో కావాలనే రసాయనాలను ఇంకించి, శుద్ధి తరువాత ఎంత మిగిలిందో కొలుస్తారు. కనుక ఈ అనుమతి ఆ శుద్ధికి, ఆ పరీక్షకు లభించినదే గాని, వీధి చివర దుకాణంలో కట్టలు కట్టి అమ్మే పేరూ ఊరూ లేని కవర్లకు లభించినది కాదు. ఈ భేదాన్ని పాఠకులు మరువరాదు.

వ్యాపారస్తులైన సోదరులకు ఒక మనవి. దైవప్రవక్త (స) మార్కెట్టులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. ఆ తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన మందలించి, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. హోటలు సోదరులు మసాలా మేలైనది కొంటారు, మాంసం తాజాది తెస్తారు. చివర కొన్ని పైసలు మిగులుతాయని నాసిరకం కవరులో పోసి ఇస్తే, ఆ రాశి అడుగున తడి దాచినట్లే గదా! వలీమా విందులకు వండేవారు పెరుగు, నిమ్మరసం, ఉప్పు పట్టించిన మాంసాన్ని గంటల కొద్దీ రంగు రంగుల చవక టబ్బులలో నానబెడుతున్నారు. ఆ పనికి స్టీలు పాత్ర గాని, ఆహారానికి తగినదని ముద్ర ఉన్న పాత్ర గాని వాడాలి.

గృహిణులకు కొన్ని సూచనలు. వేడి కూరలకు, టీకి ఇంటి నుండి స్టీలు డబ్బా పంపండి. పిల్లవాడు మొదట సిగ్గుపడినా వారంలో అలవాటు పడతాడు. ఖాళీ రంగుల బక్కెట్లలో తాగునీరు, పిండి, బియ్యం నిలువ చేయకండి. డబ్బా అడుగున త్రికోణంలో కనబడే అంకె ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే తెలుపుతుంది, అది భద్రతకు హామీ కాదు. గ్లాసు, ఫోర్కు బొమ్మ ఉన్నదా అని చూడండి. పకోడీలు, బజ్జీలు వార్తాపత్రికలో వద్దనండి. అడ్డాకులు, మోదుగాకులు, అరిటాకులు మన ప్రాంతంలో ఇంకా దొరుకుతున్నాయి.

ఈ మాటలు చదివి ఎవరూ భయభ్రాంతులు కానవసరం లేదు. నిన్న కవరులో తెచ్చిన కూర నిషిద్ధమని మేము ఫత్వా ఇవ్వడం లేదు. ప్రతి కవరూ విషమని అనడం లేదు. అయితే హలాల్ స్పష్టమనీ, హరాం స్పష్టమనీ, వాటి నడుమ సందేహాస్పదమైనవి ఉన్నాయనీ, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని, గౌరవాన్ని కాపాడుకొంటాడనీ హదీసు బోధిస్తున్నది. అలాగే వీధులలో ప్లాస్టిక్ ఏరుకొని బ్రతికేవారిని చిన్నచూపు చూడటం ఎంత మాత్రం తగదు. మనం పారవేసినదాన్ని వారు ఎత్తుతున్నారు. రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌తో పైపులు, కుర్చీలు, చెత్తబుట్టలు నిక్షేపంగా చేసుకోవచ్చు. మన అభ్యంతరమల్లా శుద్ధి కానిది అన్నానికి తగలడం పైనే.

ఆ విద్యార్థి ప్రశ్నకు మేము అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాము. మరునాడు మస్జిదు కమిటీ పెద్దలతో కూర్చొని మాట్లాడాము. గంజి కోసం వచ్చేవారు పాత్ర తెచ్చుకోవాలని అస్ర్ తరువాత ప్రకటించాము. పాత్ర లేక వచ్చే పేదల కోసం కొన్ని మూత గిన్నెలు కొని ఉంచాము. మొదటి రెండు రోజులు గొణుగుడు వినిపించింది. నెలాఖరుకు కవర్ల కట్ట విప్పవలసిన అవసరమే రాలేదు. కొన్న గిన్నెలలో నాలుగు తిరిగి రాలేదు. అవి ఏదో ఒక పేద ఇంట్లో పనికి వస్తున్నాయని తలచి మేము తృప్తి పడ్డాము.

మన పళ్ళెంలోకి వచ్చేదాన్నీ, దాన్ని మోసుకొచ్చేదాన్నీ పరిశుద్ధంగా ఉంచుకొనే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.