వేటగాడి చొక్కా ఏ రంగు?

మన సినిమాల్లో హీరోగారు అడవిలో అడుగుపెట్టారంటే బాల్కనీ చివరి వరస ప్రేక్షకుడికి కూడా స్పష్టంగా కనబడాలి. కాస్ట్యూమ్స్ శాఖ పడే తిప్పలన్నీ అందుకే! 2001లో గుణశేఖర్ తీసిన 'మృగరాజు'లో చిరంజీవిగారు మనుషుల్ని తినే సింహాన్ని వేటాడారు. (తెలుగు అడవుల్లో సింహం ఎక్కడిదండీ అని అడక్కండి. సినిమా!) అసలు వేటగాడికి మాత్రం సూత్రం తలకిందులు. ఎవరికీ కనబడకుండా ఉండాలి.

జ్యోతినగర్‌లో మా మిత్రుడొకడికి ఎన్.టి.పి.సి.లో షిఫ్టు డ్యూటీ. సెలవు దొరికితే చాలు, కెమెరా భుజాన వేసుకుని గోదావరి దాటి కవ్వాల్ అడవికి పరుగెడతాడు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక పులిని తుపాకీతో వేటాడే ముచ్చట ముగిసింది, 2012లో కవ్వాల్ టైగర్ రిజర్వు కూడా అయింది. ఇక మిగిలింది కెమెరా వేటే. మాటు వేయడం మాత్రం మారలేదు కదా! అందుకని ఆయనగారు ఆకుపచ్చ మచ్చల మిలిటరీ చొక్కా ఒకటి కొనుక్కొచ్చి, "ఇక దుప్పి నన్ను గుర్తుపడితే ఒట్టు!" అన్నాడు.

దుప్పి కంటి సంగతి వింటే నవ్వొస్తుంది. దానికి ఎరుపు, నారింజ రంగులు మనకు కనిపించినట్టు కనిపించవు, ఆకుల రంగులో కలిసిపోతాయి. నారింజ రంగు పులి పొదలో దాక్కోగలిగేది అందుకే. అమెరికాలో దుప్పి వేటగాళ్ళు తోటి వేటగాడి తూటా తగలకుండా ధగధగలాడే నారింజ కోటు వేసుకునేది కూడా ఆ ధైర్యంతోనే. దుప్పి చప్పున పట్టేసేది నీలాన్ని. తెల్లగా మెరవాలని డిటర్జెంట్లలో కలిపే మందుల మెరుపు కూడా దాని కంటికి ఆనుతుంది. అంటే మన హీరోగారి నారింజ చొక్కా ఫరవాలేదు గానీ, హీరోయిన్ నీలం షిఫాన్ చీరతోనే వస్తుంది చిక్కు!

అయితే కొండముచ్చు వేరు. దానికి మనలాగే అన్ని రంగులూ తెలుసు. నెమలి కన్ను ఇంకా చురుకు. ఆ రెండింటిలో ఏది కేక పెట్టినా అడవంతా జాగ్రత్త పడుతుంది. కాబట్టి వెలిసిన మట్టిరంగే మేలు. 'ఖాకీ' అంటేనే దుమ్ము రంగు.

దాక్కునే అవసరమే లేని వేటగాళ్ళూ ఉండేవారు. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు వరంగల్ దగ్గర నెక్కొండ అడవిలో చచ్చిన పులి ముందు నిలబడి దిగిన ఫోటో ప్రసిద్ధం. అలాంటి దొరల వేటల్లో డప్పులు కొట్టి మృగాన్ని తోలుకొచ్చేది ఊరివాళ్ళు. దొరలు కనబడవలసింది కెమెరాకే. ఆ లెక్కన వాళ్ళు మన హీరోలకు పెద్దన్నలు!

మా మిత్రుడి చొక్కా మాత్రం నాకు వేరే కారణంగా నచ్చలేదు. గోదావరిఖనిలో ఓ ముసలి దర్జీకి దాన్ని చూపిస్తే ముట్టుకోనైనా లేదు. "ఇట్లాంటియి, ఆలివ్ గ్రీన్ గుడ్డ, మేం కుట్టకపోయేది సారూ. తొడుక్కున్నోణ్ణి అడుగుదురు, కుట్టినోణ్ణీ అడుగుదురు" అన్నాడు. ఎనభై, తొంభైలలో ఈ బొగ్గుబాయిల ప్రాంతంలో ఆ రంగంటే అన్నల రంగు. తెరమీద ఆ దుస్తుల్లో నారాయణమూర్తి కనబడితే ఈలలు వేసిన కుర్రాళ్ళే, అదే రంగు తొడుక్కుని రాత్రిపూట బజారుకి వెళ్ళడానికి జంకేవారు. మృగానికి కనబడకపోవడం కంటే మనుషుల కంట పడకపోవడం ముఖ్యమైన రోజులవి.

ఇప్పుడు ఆ భయం తగ్గింది గానీ, సైనికుడినని నమ్మించేందుకు సైనిక దుస్తులు వేసుకోవడం ఇప్పటికీ నేరమే. అడవిలో ఫారెస్టు గార్డుకు మచ్చల చొక్కా దూరాన్నించి కనబడితే ముందు దొంగవేటగాడనే అనుకుంటాడు. అనుకోడూ మరి?

మిత్రుడు చివరికి మోచేతి దగ్గర చిరిగిన పాత మట్టిరంగు చొక్కా తీశాడు. సబ్బు వాసన పోయేదాకా రెండ్రోజులు ఎండలో వేశాడు. మొన్న అటవీశాఖ అనుమతి తీసుకుని జన్నారం వెళ్ళి, గాలికి ఎదురుగా, కదలకుండా కూర్చున్నాడట. పులి రాలేదు. చుక్కల దుప్పులు పదకొండు నీళ్ళకొచ్చి, తాగి, తీరిగ్గా వెళ్ళాయట. ఫోటోలు బాగా వచ్చాయి. చొక్కాకి మాత్రం ఇంకో చోట చిరుగు పడింది.