మయసభలో కొలత టేపు

నేను చేసే పని గురించి చుట్టాలకు చెప్పాలంటే కొంచెం ఇబ్బందే. కార్ల ఫ్యాక్టరీలో రోబోలు బిగించకముందే వాటిని కంప్యూటర్‌లో నడిపి చూస్తాను. "అంటే రోజంతా వీడియో గేమ్ ఆడి జీతం తీసుకుంటున్నావన్నమాట" అని మా బావ ఫోన్‌లో నవ్వుతాడు. చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. తెర మీద రోబోలు, కన్వేయర్, దాని మీద కదిలే కార్ల బాడీలు. తేడా అల్లా ఒక్కటే. ఆ బొమ్మల్ని ఆడించేది నిజమైన పీఎల్‌సీ ప్రోగ్రాం. రేపు ఫ్యాక్టరీలో మెషీన్లను నడపబోయేది అదే. తెర మీది సెన్సర్లు పంపే సంకేతాలు నిజమైన లైన్ నుంచే వస్తున్నాయని అది నమ్ముతుంది. క్లాంప్ తెరుచుకోకముందే రోబో బాడీని ఎత్తబోయిందనుకోండి, ఆ తప్పు ఇక్కడే, కాఫీ తాగుతూ దిద్దేసుకోవచ్చు.

అదే తప్పు ప్లాంట్‌లో దొరికితే కాఫీ తాగే తీరిక ఉండదు. ఇక్కడ అమెరికాలో కార్ల ప్లాంట్లలో పెద్ద మార్పులు చాలావరకు జులై షట్‌డౌన్‌లోనో, క్రిస్మస్ సెలవుల్లోనో జరుగుతాయి. చేతిలో ఉండేది వారం, రెండు వారాలు. ఆ తర్వాత సోమవారం పొద్దున్నే కార్లు బయటికి రావాల్సిందే.

కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక జులైలో, మేం ఆరు నెలలు తెర మీద నడిపి, ఎక్కడా తగలడం లేదని తేల్చుకున్న రోబో, ప్లాంట్‌లో మొదటిరోజే ఒక పైపుకు తగిలింది. అదృష్టం కొద్దీ మాన్యువల్ మోడ్‌లో నడుపుతున్నాం. అందులో రోబో సెకనుకు 250 మిల్లీమీటర్లకు మించి కదలదు. కాబట్టి పైపుకు సొట్ట పడింది, అంతే. మా మోడల్‌లో ఆ స్తంభం పక్కన పైపే లేదు! నేను ల్యాప్‌టాప్ తెరిచి అదే మాట అంటుంటే, నిచ్చెన పట్టుకుని నిలబడ్డ పైప్‌ఫిట్టర్ పెద్దాయన, "అది వేసింది నేనే, క్రిస్మస్ షట్‌డౌన్‌లో. నన్నెవరూ అడగలేదే" అన్నాడు. మేం లేజర్ స్కాన్ తీయించింది అంతకు ముందు శరత్కాలంలో. రోబో దారి మార్చడానికి, మళ్ళీ అన్నీ సరిచూడ్డానికి రెండు రోజులు పోయాయి. షట్‌డౌన్‌లో రెండు రోజులంటే ఎంతో ఆ పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆ రాత్రి హోటల్ గదిలో నాకు మయసభ గుర్తొచ్చింది. పాపం, దుర్యోధనుడు నీళ్ళనుకుని బట్టలు ఎత్తి పట్టుకున్నచోట నేల ఉంది, నేల అనుకుని అడుగు వేసినచోట నీళ్ళున్నాయి. అంత గొప్ప సభలో ఆయనకు కావలసింది మయుడి పనితనం కాదు, ఏది ఏమిటో చెప్పే మనిషి ఒకడు.

ఇది మాబోటి చిన్నవాళ్ళకే జరిగే సంగతి కాదు. ఎయిర్‌బస్ ఎ380 కథ చాలామంది వినే ఉంటారు. ఒక్కో విమానంలో సుమారు 530 కిలోమీటర్ల తీగలు. వాటి డిజైన్‌లో జర్మనీలోని హాంబర్గ్ వాళ్ళు కటియా సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ వాడారు, ఫ్రాన్స్‌లోని టూలూజ్ వాళ్ళు కొత్తది వాడారు. ఎవరి తెర మీద వాళ్ళ విమానం బ్రహ్మాండంగా ఉంది. తీరా భాగాలు టూలూజ్ చేరాక తీగలు పొడవు చాల్లేదు. 2006లో ఆ సంగతి బయటపడి కంపెనీ పెద్ద అధికారుల పదవులు పోయాయి. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికి వచ్చేసరికి 2007 అక్టోబరు అయింది, అనుకున్నదానికన్నా ఇంచుమించు రెండేళ్ళు ఆలస్యంగా.

అలాగని ఈ పద్ధతే దండగ అనడం అన్యాయం. బోయింగ్ 777ని దాదాపు మొత్తం అదే కటియాలో గీశారు. నిలువెత్తు నమూనా విమానం కట్టి భాగాలు పడతాయో లేదో చూసుకునే పాత అలవాటును చాలావరకు మానేశారు. అది 1994 జూన్‌లో ఎగిరింది, ఈరోజుకీ మనవాళ్ళు ఇండియాకు వెళ్ళేది చాలాసార్లు అందులోనే. అక్కడ అందరూ చూసింది ఒకే మోడల్. ఒకరు మార్చింది ఇంకొకరికి కనపడేది. నా లెక్కలో అసలు గొప్పతనం అది, బొమ్మ అందం కాదు.

ఇప్పుడు డిజిటల్ ట్విన్ అని అందరి నోటా నానుతున్న ఆలోచనను మైఖేల్ గ్రీవ్స్ 2002లో మిషిగన్‌లో చెప్పినప్పుడు అందులో మూడు భాగాలున్నాయి: నిజమైన వస్తువు, తెర మీది వస్తువు, ఆ రెంటి మధ్యా అటూ ఇటూ నడిచే సమాచారం. మొదటి దానికి కోట్లు పోస్తారు. రెండోదాన్ని హెడ్‌సెట్లు పెట్టి మరీ వీఐపీలకు చూపిస్తారు. మూడోదానికి మాత్రం "పోయినసారి స్కాన్ ఉంది కదా, మళ్ళీ ఎందుకు?" అంటారు. ప్రతి ప్రాజెక్టులోనూ ముందు కోత పడేది ఆ ఖర్చుకే. పైపు వేసినవాడు ఆ సంగతి మోడల్‌కు చెప్పే దారి ఉండాలని ఎవరికీ తట్టదు. ఆయన దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ లేదు, ఇచ్చినా లాగిన్ ఉండదు.

అందుకని ఇప్పుడు షట్‌డౌన్‌కు ముందు నేనే వెళ్తున్నాను. ఆ పెద్దాయన టేపు ఒక చివర పట్టుకుంటాడు, రెండో చివర నేను. స్తంభం స్తంభం దగ్గర ఆగి, పోయినసారికీ ఇప్పటికీ ఏం మారిందో ఆయన చెప్తుంటే రాసుకుంటాను. పోయిన శనివారం నాలుగు గంటలు తిరిగితే రెండు దొరికాయి: పైన కొత్తగా వేసిన ఒక కేబుల్ ట్రే, ఎవరో ఒక మీటరు పక్కకు జరిపిన కంట్రోల్ ప్యానెల్. రెండూ మోడల్‌లోకి ఎక్కించాను. ప్యానెల్ ఉన్నచోట మా రోబో ఒకటి రోజుకు వెయ్యిసార్లు చెయ్యి తిప్పాల్సి ఉంది.

ఆయన వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నాడు. కొత్త స్కాన్ కోసం నేను పెట్టిన అర్జీకి ఇంకా జవాబు రాలేదు.