త్రాగుడును వ్యాధియే

మా పరవాడలో ఔషధముల కర్మాగారము లెన్నియో కలవు. కాని త్రాగుడును మాన్పుటకును ఔషధములు కలవని మనలో పెక్కుమంది యెరుగరు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయంగడిని మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమెల్ల వ్యాపింపగా, 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. అయినను అంగడి మూసినంతమాత్రమున దేహమున కలవడిన వ్యసనము వీడదు. అది వ్యాధి, దానికి చికిత్స కలదు.

చిరకాలము దినదినమును మిక్కిలిగా త్రాగినవాడు హఠాత్తుగా మానినచో వణకు, మూర్ఛలు, మతిభ్రమము కలుగును, ప్రాణాపాయమును సంభవింపవచ్చును. కావున ఒట్టు పెట్టించి గదిలో బంధింపరాదు. వైద్యుని పర్యవేక్షణముననే మాన్పింపవలెను. వానికి తెలియకుండ కూరలో మందు కలుపుటయు ప్రమాదకరమే. వైద్యుడొసగు నాల్ట్రెక్సోన్ వంటి ఔషధములు త్రాగవలెనను కోరికను తగ్గించును.

మంచిమాటకును బలము కలదు. గోవాలో జరిగి 2017లో ప్రకటితమైన పరిశోధనమున, వైద్యులుగాని సామాన్యులే శిక్షణపొంది, హానికరముగా త్రాగువారితో నాలుగుసార్లకు మించకుండ సంభాషించిరి. మూడు మాసములకు వారిలో నూటికి 36 గురు తేరుకొనిరి. ఆ సంభాషణము లేనివారిలో 26 గురే తేరుకొనిరి.

విశాఖపట్టణమున చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు. 14416 సంఖ్యకు టెలిఫోను చేసినచో ఉచితముగా సలహా లభించును. మానినవాడు మరల త్రాగినను నిందింపక, తిరిగి వైద్యునికడకు గొనిపోవుదము.