మీకు తెలుసా? నోటీసు తక్కువైనా జీతం మీదే!

ఉద్యోగానికి రాజీనామా చేశారా? మీకు రావలసిన జీతం 2 పనిదినాల్లో మీ ఖాతాలో పడాలి! అవును, రెండే! "ఫుల్ అండ్ ఫైనల్‌కి నెలన్నర పడుతుంది సార్" అని హెచ్‌ఆర్ వాళ్లు తీరిగ్గా చెబుతారు చూడండి, జీతం విషయంలో ఆ మాట చెల్లదు. వేతనాల కోడ్ అలా రాసింది. వాళ్లు తీసేసినా అంతే, మీరే మానేసినా అంతే!

ఇదేమీ పాత ముచ్చట కాదు. 2025 నవంబరు 21 నుంచే అమల్లోకి వచ్చింది! అంతకుముందు ఈ రెండు రోజుల గడువు యజమాని తీసేసినవాళ్లకే ఉండేది. తనంతట తాను మానేసినవాడి ఊసే చట్టంలో లేదు!

మరో వింత వినండి. పాత చట్టం నెలకు 24,000 రూపాయలు దాటినవాళ్లను గడప కూడా తొక్కనిచ్చేది కాదు! హైదరాబాద్ హైటెక్ సిటీలో సగటు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి బయటే! ఇప్పుడు జీతం విషయంలో ఆ గడపే లేదు. మేనేజరుకు రావలసిన బకాయి కూడా బకాయే!

ఇప్పుడు అసలు రహస్యం! జీతంలో ఏయే కోతలు పెట్టవచ్చో చట్టంలో ఒక జాబితా ఉంది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం తిరగేస్తే నవ్వొస్తుంది. రైల్వే ఉద్యోగి పొరపాటున దొంగ నాణెం పుచ్చుకుంటే ఆ నష్టాన్ని జీతంలోంచి పట్టుకోవచ్చట! దొంగ నాణెం దాకా ఆలోచించినవాళ్లు "నోటీసు తక్కువైతే కోత" అని మాత్రం విడిగా ఒక పద్దు పెట్టలేదు! కొత్త కోడ్‌లోని జాబితాలోనూ అది కనబడదు. పనికి రాని రోజులకు కోత ఉంది, చేసిన రోజులకు లేదు. అలాగని సంబరపడిపోకండి! అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు పే అని రాసుంటే కంపెనీ దాన్ని అడగవచ్చు, కోర్టుకూ వెళ్లవచ్చు. కానీ చేసిన పనికి జీతం ఒక లెక్క. బాకీపడ్డ నోటీసు మరో లెక్క. రెండింటినీ కలిపేసి "మీకు రావలసింది సున్నా" అని ఒక్క మెయిల్ పంపిస్తారే, కిటుకంతా అక్కడే ఉంది!

ఆగండి, నోటీసు పేరెత్తి కోత పెట్టనిచ్చే చోటు ఒకటి ఉంది! పదిమందో అంతకన్నా ఎక్కువమందో కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా ఒక్కసారిగా డుమ్మా కొట్టాలి. అప్పుడు ఒక్కొక్కరికీ 8 రోజుల జీతం దాకా అదనంగా పోవచ్చు! అదీ ఒప్పందంలో నోటీసు షరతు ఉంటేనే.

ఎన్ని కోతలు పడినా ఒక గీత ఉంది. అన్నీ కలిపి ఆ నెల జీతంలో 50 శాతం దాటకూడదు! పూర్తిగా ఊడ్చేయడం కుదరదు!

బాండ్ రాసిచ్చారా? అయితే ఇది మాత్రం జాగ్రత్తగా వినండి! మూడేళ్లు పనిచేస్తానని ఒకాయన విజయా బ్యాంకుకు బాండ్ రాసిచ్చారు. మధ్యలో వేరే బ్యాంకుకు వెళ్లిపోయారు. బాండ్ ప్రకారం కట్టింది 2 లక్షల రూపాయలు! హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసింది. ఆ బాండ్ చెల్లుతుందని తేల్చేసింది! బాండంటే చిత్తుకాగితమే అని స్నేహితులు ధైర్యం చెబితే ఇది గుర్తుచేయండి.

ఒకప్పుడైతే డబ్బుతో పోయేది కాదు! 1859లో తెల్లదొరలు ఒక చట్టం తెచ్చారు. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల్లో మొదలైంది. అడ్వాన్సు తీసుకున్న పనివాడు పని వదిలేసి పోతే మేజిస్ట్రేటు పిలిపించేవాడు. తిరిగి పనిలోకి వెళ్లమనేవాడు. వెళ్లకపోతే 3 నెలల దాకా కఠిన కారాగారం! ఇప్పటి "అబ్‌స్కాండింగ్" మెయిల్ దానిముందు ఎంత!

పీఎఫ్ సంగతి తెలుసా? పాత కంపెనీ ఎగ్జిట్ డేట్ వేయడం లేదని నెలల తరబడి బతిమాలుతుంటారు. అక్కర్లేదు! చివరి చందా పడి 2 నెలలు దాటితే ఆ తేదీని పీఎఫ్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు!

గ్రాట్యుటీ? అర్హత ఉంటే 30 రోజుల్లో ఇవ్వాలి. నోటీసు తక్కువైందని ఆపడానికి వీల్లేదు!

జీతం రాలేదా? లేబర్ అధికారి దగ్గర క్లెయిమ్ వేయడానికి ఇప్పుడు 3 ఏళ్ల గడువుంది! ఇంతకుముందు ఏడాదే! ఇంకా ముచ్చటైన సంగతి, జీతం ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సింది కంపెనీయే, మీరు కాదు! మీ తరఫున యూనియన్ కూడా క్లెయిమ్ వేయవచ్చు.

బకాయి మాత్రమే కాదు, దాని మీద పరిహారమూ ఉంది. ఎంత దాకానో ఊహించండి... 10 రెట్ల దాకా! అంతా వస్తుందని కాదు, అధికారికి అంతవరకు వేసే అధికారం ఉంది. అయినా కట్టకపోతే? రికవరీ సర్టిఫికెట్ కలెక్టరుకు వెళుతుంది! రైతు దగ్గర శిస్తు బకాయి వసూలు చేసినట్టే కంపెనీ దగ్గర మీ జీతాన్ని వసూలు చేస్తారు!

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకు ఇంకో సంగతి! చెప్పా పెట్టకుండా మానేసినా 72 గంటల్లో ఆఖరి జీతం చేతికి రావాలి! కావాలని ఆపితే రోజుకో రోజు జీతం చొప్పున కంపెనీకి జరిమానా, నెల రోజుల దాకా!

జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్లిన తమ్ముళ్లకు? యూఏఈ చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన 14 రోజుల్లో బకాయిలన్నీ తీర్చాలి! విమానం ఎక్కేముందు లెక్క అడగండి!

ఇది వింటే ముక్కున వేలేసుకుంటారు! నోటీసు పే మీద 18 శాతం జీఎస్టీ కట్టాలా వద్దా అని నిజంగానే గొడవ నడిచింది! మీరు వెళ్లిపోవడాన్ని ఓర్చుకోవడం కూడా కంపెనీ చేసిన "సేవ" అని వాదించారు! 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు "అక్కర్లేదు" అని సర్క్యులర్ ఇచ్చింది. పే స్లిప్పులో ఇప్పటికీ ఆ కోత కనిపిస్తే గట్టిగా అడగండి!

లాయరు ఫీజు భయమా? 15100కి ఫోన్ చేయండి! న్యాయసేవా సంస్థల హెల్ప్‌లైన్ అది. అర్హులకు ఉచితంగా లాయర్ని పెడతారు. ఆడవాళ్లకైతే ఆదాయం ఎంతో కూడా అడగరు!