మిద్దెమీది తోట: లాభనష్టములు

పట్టణములలో మిద్దెలమీద పచ్చికయు మొక్కలును పెంచుట లాభమా, వృథావ్యయమా యని సోదరీమణులు చర్చించుకొనుట మేమెరుగుదుము. ఈ తగవునకు అమెరికాలోని చికాగో నగరమున చక్కని నిదర్శనము కలదు.

అచ్చట 1995 జూలైలో చెలరేగిన వేడిమికి 700 మందికి పైగా మరణించిరి. ఒంటరిగానుండు వృద్ధులకును, మేడల చిట్టచివరి యంతస్తున కాపురముండువారికిని ప్రమాదమెక్కువయ్యెను. పిమ్మట నగరాధ్యక్షుడు రిచర్డ్ డేలీ పూనికతో పురపాలక భవనము కప్పుమీద సుమారు 20,300 చదరపుటడుగుల తోట వేసిరి. 2001 నాటికది పూర్తియయ్యెను. ఆ భవనమందొక వింత యున్నది. సగము నగరమువారిది, సగము కుక్ కౌంటీ, అనగా జిల్లావారిది. అన్నదమ్ములు పంచుకొన్న యిల్లువంటిదే. నగరమువారు మొక్కలు నాటగా, జిల్లావారు తమ భాగమున నల్లని తారునే యుంచిరి. 2001 ఆగష్టులో నొక మధ్యాహ్నము కొలిచి చూడగా తారుకప్పు 169 డిగ్రీల ఫారన్‌హీటు కాలుచుండెను. మొక్కలున్న తావు 91 మొదలు 119 వరకే యుండెను. ఒకే యెండ, ఒకే కట్టడము!

ఇక ఖర్చు. అమెరికా పర్యావరణ సంరక్షణ శాఖవారి యంచనాలో తేలికరకపు తోటకైనను చదరపుటడుగునకు 10 డాలర్లు మొదటి ధర. అంతటి కప్పునకు 2 లక్షల డాలర్లకు తక్కువ కాదు. ఆ భవనమున విద్యుత్తు మొదలగువానిలో ఏటేట మిగులునది సుమారు 5,000. అనగా 40 ఏండ్లకుగాని అసలు చేతికి రాదు, కలుపుతీతకూలి వేరు. కేవలము కరెంటు బిల్లును చూచుకొని తోట వేయుట తెలివిగల బేరము కాదని మా యభిప్రాయము. అయినను, మట్టిక్రింద నీరుచొరకుండ పరచిన పొర యెండ తగులక రమారమి రెండింతలు మన్నును. వాననీటిలో కొంత మట్టియే పీల్చుకొనుటచే మురుగుకాలువలకు బరువు తగ్గును; వీధియు చల్లబడును. ఈ మేలు ఇరుగుపొరుగులందరిది, సొమ్ము మాత్రము ఇంటివారిది! చిక్కంతయు ఇచ్చటనే యున్నది. కనుకనే కెనడాలోని టొరంటో నగరము 2009లో పెద్ద నూతన భవనములకు పచ్చని కప్పు తప్పదని శాసించెను.

మనకు మట్టికప్పు క్రొత్త కాదు. రాయలసీమ మట్టిమిద్దెల చల్లదనము అందు పెరిగినవారినే యడుగవలెను. కాని వానికి దూలములు ఆ బరువును మోయునట్లే వేసెడివారు. నేటి స్లాబు సంగతి వేరు. ఆరంగుళముల మన్ను తడిసినచో చదరపుటడుగునకు సుమారు 25 కిలోలు తూగును. ఇంజనీరు నడుగక మన్నెత్తుట తగదు. తూములు పూడకుండ చూచుకొనవలెను. కాకులును పిచ్చుకలును తెచ్చి వేయు రావి, మర్రి విత్తుల మొలకలను రెండాకులప్పుడే పెరికివేయవలెను. వేరు పగులులోనికి దిగిన పిమ్మట దానిని లాగుట మేస్త్రీ తరము కూడ కాదు.