కలయికలో బాధ: చికిత్సకు ఇద్దరును రావలెను

వివాహమై నెలలు గడచినను కలయిక సాధ్యము కాకున్న, దోషమంతయు కోడలిదేయని పుట్టింటికి పంపివేయు కుటుంబములు నేటికిని కలవు. ఆమె మొండితనము చేయుట లేదు. కంటిలో నలుసు పడబోగా రెప్ప మూతపడునట్లు, యోని చుట్టునున్న కండరములు ఆమె ఇచ్ఛతో నిమిత్తము లేకయే బిగిసికొనును. వైద్యులు దీనిని వెజినిస్మస్ అందురు. ఓర్చుకొమ్మని బలవంతపెట్టినకొలది భయము హెచ్చును.

స్త్రీవైద్యురాలు పరీక్షించి పుండ్లు, అంటువ్యాధులు లేవని తేల్చిన పిదప సలహాదారు ఆమెతో ఏకాంతముగ మాటాడును. అత్తగారి యెదుట, భర్త యెదుట నోరు విప్పలేని సంగతులు, చిన్ననాటి అత్యాచారము కావచ్చును, గర్భభీతి కావచ్చును, అప్పుడే బయటపడును. ఇంటిలో హింస యున్నచో ముందు ఆమె రక్షణయే. దంపతులను కలిపి కూర్చుండబెట్టరాదు.

హింస లేనిచోట భర్తయు రావలెను. అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనువారు 1970లో ప్రకటించిన పద్ధతిలో రోగి భార్య కాదు, దాంపత్యమే. కొంతకాలము సంభోగము మానివేసి స్పర్శకు మాత్రమే అలవాటుపడవలెను. (భర్తలకు ఈ నియమమే చేదుగా తోచును.) భార్య కండరములను సడలించుట నేర్చి, తన వ్రేలితోను, క్రమముగ లావగు డైలేటర్లతోను స్వయముగ అభ్యసించును. ఎప్పుడు ముందునకు సాగవలెనో నిర్ణయించునది ఆమెయే.

ఎచ్చటికి పోవలెనో తెలియనివారు 2022లో ప్రారంభమైన టెలి మానస్ సంఖ్య 14416నకు ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును, ఖర్చు లేదు.