బడి గడప మీద పసిబిడ్డ

తిరుమలేశుని సన్నిధికి గడప వంటిది గనుక కడపకు ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ జిల్లాలో ఏటేట జూన్ నెలలో పసిబిడ్డలు మరియొక గడప దాటుదురు. అది బడి గడప. ప్రొద్దుటూరులో నగల అంగళ్ళు ఇంకను తలుపులు తీయకముందే, జమ్మలమడుగులో పెన్న మీదుగా వచ్చు గాలికి చల్లదనము తగ్గకముందే, పులివెందులలో అరటిగెలల లారీలు కదలుచుండగనే, బడిబస్సులు వీధి మలుపులలో వచ్చి నిలుచును. నాలుగవ ఏట అడుగిడిన బిడ్డ, వీపుకంటె పెద్దదైన సంచి మోయుచు, తల్లి కొంగు వదలలేక వదలి, ఆ బస్సెక్కును.

ఆ బిడ్డ ఒకేసారి రెండు గడపలు దాటుచున్నది. ఒకటి ఇంటినుండి బడికి. రెండవది ఇంటి మాటనుండి బడి మాటకు. మొదటిదానికి తల్లిదండ్రులు చేయు సన్నాహమునకు లోపము లేదు. సంచి, నీళ్ళసీసా, బూట్లు, మెడపట్టీ అన్నియు వేసవిలోనే ఇల్లు చేరును. రెండవదానికి చేయు సన్నాహము ఎట్టిదో, అది బిడ్డకు మేలు చేయుచున్నదో కీడు చేయుచున్నదో విచారింపవలసియున్నది.

వేసవి పాఠము

ఏప్రిల్, మే నెలలలో ఈ మూడు ఊళ్ళయందును మధ్యతరగతి ఇండ్లలో తరచుగా కనబడు దృశ్యమిది. ఎల్.కె.జి.లో చేర్పబోవు బిడ్డను ఎదుట నిలువబెట్టి, "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని తండ్రి అడుగును. బిడ్డ కంఠస్థము చేసిన జవాబు చెప్పును. చుట్టము వచ్చినప్పుడెల్ల ఆ ప్రశ్న మరల పుట్టును. "ఆవు కాదు నాయనా, కౌ అనల్ల" అని తల్లి దిద్దును. రాత్రివేళ జేజి కథ మొదలుపెట్టబోయినచో, "ఇప్పుడు తెలుగు కతలు వద్దులేమ్మా, బడిలో వానికి కష్టమైతాది" అని కొడుకు వారించును. జేజి ఊరకుండును.

ఆ ఇంట బిడ్డతో అందరికంటె ఎక్కువగా మాటలాడు మనిషి ఆనాటినుండి మాట తగ్గించుకొనును. తల్లి తనకు వచ్చిన కొలది ఆంగ్లపదములతో దినమంతయు నెట్టుకొని రాజూచును. "కమ్, సిట్, ఈట్" అను ఆజ్ఞలే గాని అందు సంభాషణ ఉండదు. చీమలు వరుసగా ఎందుకు పోవును, చందమామ మనవెంట ఎందుకు నడుచును అను ప్రశ్నలకు ఆ పదములలో జవాబు దొరకదు. జవాబు దొరకని చోట ప్రశ్నయే ఆగిపోవును. బడి తెరవకముందే బిడ్డకు కలుగు నష్టమిది.

ఇందులకు తల్లిదండ్రులను నిందించుట న్యాయము కాదు. ఉద్యోగపు పిలుపు ఆంగ్లమున వచ్చును. వైద్యుని చీటి ఆంగ్లమున ఉండును. పై చదువులు ఆంగ్లమున సాగును. చీనీతోట కౌలుకు చేయువాడైనను, మగ్గము నమ్ముకొన్నవాడైనను, తాను దాటలేని ఆ కంచెను తన బిడ్డ దాటవలెనని కోరుట సహజము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 నవంబరులో సర్కారు బడులలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టుటకు ఉత్తర్వులిచ్చెను. ఉన్నత న్యాయస్థానము 2020 ఏప్రిల్ 15న వానిని కొట్టివేసెను. తరువాత ఒక పుట తెలుగున, ఎదుటి పుట ఆంగ్లమున అచ్చైన పాఠ్యపుస్తకములు పిల్లల చేతికి వచ్చినవి. వాదములు ఎట్లున్నను, ఆంగ్లము కోరు తల్లిదండ్రుల సంఖ్య తగ్గలేదు. కావున ఆంగ్లము కావలెనా వద్దా అనుట ఈ బిడ్డ విషయమున పాతబడిన ప్రశ్న. ఆంగ్లపు బడికి పోవు బిడ్డను ఎట్లు సిద్ధపరుపవలెననునదే నేటి ప్రశ్న.

దూరదేశపు అనుభవము

ఇంటి భాష వేరు, బడి భాష వేరు అయిన చదువును కావలెనని కోరి తెచ్చుకొన్నవారు ఇతర దేశములందును కలరు. కెనడా దేశమున మాంట్రియల్ నగరమునకు చేరువనున్న సెయింట్ లాంబర్ట్ అను చోట, ఆంగ్లము మాటలాడు తల్లిదండ్రులు కొందరు తమ బిడ్డలకు ఫ్రెంచి రావలెనని పట్టుబట్టి, 1965లో కిండర్‌గార్టెన్ నుండియే ఫ్రెంచిలో బోధించు తరగతి తెరపించిరి. మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన వాలెస్ లాంబర్ట్, రిచర్డ్ టక్కర్ అను పండితులు ఆ పిల్లలను ఏండ్ల తరబడి పరీక్షించి, 1972లో గ్రంథము ప్రకటించిరి. 1971లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కల్వర్ సిటీ అను ఊర, ఆ మార్గముననే ఆంగ్లపు ఇండ్ల బిడ్డలకు స్పానిష్ భాషలో కిండర్‌గార్టెన్ ప్రారంభమయ్యెను. నేడు అట్టి స్పానిష్ బడులు ఆ దేశమున అనేకము కలవు.

ఆ బిడ్డలు కొత్త భాష బాగుగా నేర్చిరి. సొంత భాషను కోల్పోలేదు. ఈ ఫలితమును మాత్రమే విని, "చూచితిరా, చిన్ననాటనే పరభాషలో పడవేసినచో అదియే వచ్చును" అనుకొనుట పొరపాటు. అది ఎట్లు జరిగినదో చూడవలెను. ఆ గురువులకు బోధించు భాష కరతలామలకము. బిడ్డ ఇంటి భాషలో చెప్పిన మాట వారికి అర్థమగును. తొలిదినములలో బిడ్డ తన భాషలో జవాబు చెప్పినను ఎవరును మందలింపరు. గురువు ఆ జవాబునే బడిభాషలోనికి మార్చి నవ్వుచు తిరిగి చెప్పును. కొంతకాలమునకు ఇంటి భాష కూడ పాఠ్యాంశముగా వచ్చును. ఇంట పుస్తకములు, కథలు, కబుర్లు అన్నియు సొంతభాషలో నిండుగా సాగుచునే ఉండును. పైగా ఆ బిడ్డల ఇంటి భాష దేశమున గౌరవము గల భాష. దానిని మరువుమని వారితో ఎవరును అనలేదు.

రాయలసీమ పల్లెలలో దిగుడుబావులందు పిల్లలకు ఈత నేర్పు పద్ధతి ఇచ్చట స్మరింపదగినది. వీపునకు బెండ్లు కట్టి నీటిలోనికి దింపుదురు. పిల్లవాడు చేతులు కాళ్ళు ఆడించుట అలవరచుకొన్న కొలది ఒక్కొక్క బెండు తీయుదురు. బెండ్లు కట్టి దింపుట ఈత నేర్పుట. బెండ్లు కోసి త్రోయుట వేరొకటి. కొత్త భాషలో దిగు బిడ్డకు ఇంటి భాషయే బెండు. వేసవి సెలవులలో ఆ బెండు కోసివేసి, జూన్‌లో నీటిలో దింపుట నేడు పెక్కు ఇండ్లలో జరుగుచున్నది.

కడప గడ్డ చెప్పు సాక్ష్యము

మొదటి భాషలో బలము గలవానికే తక్కిన భాషలు వశమగునని చెప్పుటకు కడప గడ్డమీదనే సాక్ష్యములు కలవు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగియై వచ్చినప్పుడు ఆయనకు ఇరువది రెండేండ్లయినను నిండలేదు. మూడేండ్లకు ముందు మద్రాసు చేరువరకు ఆయనకు తెలుగు తెలియదు. తరువాత కడపలో ప్రజల నోటి తెలుగు ఆయన చెవిలో పడెను. 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువు వెలువడెను. అయితే ఆయన బాల్యమున తండ్రి ఇంటనే అనేక భాషలు శ్రద్ధతో నేర్పించియుండెను. తెలుగునకు వచ్చునాటికే ఆ మనస్సు దున్నిన చేను. కడపలో ఆయన బంగళా ఉండిన చోటనే నేడు ఆయన పేర భాషాపరిశోధన కేంద్రము నడచుచున్నది.

ప్రొద్దుటూరు వారికి ఇంకను దగ్గరి సాక్ష్యము పుట్టపర్తి నారాయణాచార్యులవారు. 1914లో అనంతపురము జిల్లా చియ్యేడులో జన్మించి, 1990లో గతించిన ఆ మహాకవి ఉపాధ్యాయవృత్తిలో జీవించెను. 'శివతాండవము' ప్రొద్దుటూరులోనే రచియింపబడెను. ఆయనకు పదునాలుగు భాషలు వచ్చునని ప్రసిద్ధి. పండితుడైన తండ్రి నీడలో, తెలుగు సంస్కృతములు మారుమ్రోగు ఇంట ఆయన బాల్యము గడచెను. ఆ తొలి పునాది మీదనే తక్కిన భాషలన్నియు నిలిచినవి. బ్రౌనుదొరయు, ఆచార్యులవారును అసాధారణులు. అందరు బిడ్డలును వారి వలె కాలేరు. కాని పునాది నియమము అందరికిని ఒక్కటియే. కెనడాలో జిమ్ కమ్మిన్స్ అను విద్యావేత్త 1979 ప్రాంతమున ఇదే చెప్పెను: ఒక భాషలో సంపాదించిన ఆలోచనాశక్తి రెండవ భాషకును అక్కరకు వచ్చును. పరభాషలో వీధిమాటలు రెండేండ్లలో పట్టుబడినను, పాఠము చదివి అర్థము చేసికొను శక్తి రావలెనన్న అయిదు మొదలు ఏడేండ్లు పట్టునని కూడ ఆయన కనుగొనెను. నాలుగేండ్ల బిడ్డ రెండు నెలల వేసవిలో సాధింపగలది ఏమున్నది?

నిజమైన సన్నాహము

అట్లైనచో వేసవిలో ఏమి చేయవలెను? మొదట జేజి కథను మరల ప్రారంభింపవలెను. కథ వినిన బిడ్డకు ముందేమి జరిగినది, తరువాత ఏమి జరుగును, ఎందుకు జరిగినది అను వరుస తెలియును. ఏ భాషలో పాఠము చదివినను కావలసినది ఆ వరుసయే. కథ ముగిసిన పిదప బిడ్డచేతనే దానిని తిరిగి చెప్పింపవలెను. చదువురాని తల్లి కూడ ఈ పని చేయగలదు. ఇందు ఆమెకు ఎవరును సాటిరారు.

రెండవది, కంటి ఎదుటనున్న వస్తువులకు పేర్లు. పులివెందుల బిడ్డ దినమును చీనీచెట్టును, అరటితోటను చూచును. కాని ఏ ఫర్ యాపిల్ అని మొదలుపెట్టును. యాపిల్ నేర్చుట తప్పు కాదు. చీనీకాయ గుండ్రన, పండినది తియ్యన, పచ్చిది పుల్లన, లోపల తొనలు, తొనలలో గింజలు అని తన మాటలలో చెప్పగల బిడ్డకు యాపిల్ గురించి చెప్పుట ఎంతసేపు? జమ్మలమడుగు బిడ్డ ఇంటి నేలమీది నాపబండలను లెక్కింపవచ్చును. చెనిక్కాయలు ఒలుచునపుడు ఒంటిగింజ కాయలు, రెండుగింజల కాయలు వేరుచేయవచ్చును. గణితమునకు అంతకంటె మంచి ఆరంభము లేదు.

మూడవది, చేతికి పని. పలకమీద అక్షరము దిద్దుటకు ముందు వ్రేళ్ళకు బలము రావలెను. పిండి పిసుకుట, బియ్యములో రాళ్ళేరుట, అమ్మ ప్రక్కన కూర్చుండి ముగ్గుపిండి జారవిడుచుట ఇవన్నియు వ్రాతకు సన్నాహములే. సంగటి ముద్ద తానే తిని చేయి కడుగుకొనుట, చెప్పులు తానే తొడుగుకొనుట బడిలో బిడ్డకు ధైర్యమిచ్చును.

నాలుగవది, అక్కరకు వచ్చు కొన్ని మాటలు. దాహమగుచున్నది, కడుపు నొచ్చుచున్నది, మూత్రమునకు పోవలెను అనునవి తెలుగున జంకక చెప్పుట మొదట నేర్పవలెను. ఆ పిదప వానినే ఆంగ్లమున నేర్పవచ్చును. అడుగు మాట రాక బట్టలు తడుపుకొని సిగ్గుతో ముడుచుకొన్న బిడ్డ ఆ దినము మరేమియు నేర్వదు. ఆంగ్లపు పాటలు రెండు మూడు చెవికి ఇంపుగా వినిపించుటలో దోషము లేదు. వానిని పరీక్షగా మార్చుటయే దోషము. ప్రొద్దుటూరులో ఉర్దూ మాటలాడు ఇండ్లు పెక్కు కలవు. ఆ బిడ్డకు ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఆంగ్లము. ఆ ఇంటి తల్లి ఉర్దూ కథను మానవలసిన పని లేదు. ఆమె బిడ్డకు బెండు అదియే.

గురువు వంతు

మిగిలిన భారము గురువుది. తొలి నెలలలో బిడ్డ మౌనముగా ఉండుట మూర్ఖత కాదు, అది వినికాలము. విత్తనము మొలకెత్తుటకు ముందు నేలలో ఉన్నట్లే, మాట నోట రాకముందు చెవిలో ఉండును. "సార్, ఆడ పిట్ట ఉండాది" అని బిడ్డ చెప్పినపుడు, "తెలుగు మాటలాడరాదు" అని గద్దించిన గురువు ఆ బిడ్డ కన్నును, నోటిని ఒకేసారి మూసినవాడగును. "అవును, పిట్టయే! ఎస్, ఎ బర్డ్!" అనినచో బిడ్డకు ఒక మాట కలిసివచ్చును; చూచుటయందు ఉత్సాహము నిలుచును. తెలుగు మాటలాడినందుకు జరిమానా వేయుట, మెడలో పలక వ్రేలాడదీయుట వంటి శిక్షలకు విద్యాశాస్త్రమున చోటు లేదు.

చట్టమును బిడ్డ పక్షముననే ఉన్నది. బోధనామాధ్యమము సాధ్యమైనంతవరకు బిడ్డ మాతృభాషయే కావలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము 29వ విభాగమున చెప్పుచున్నది. వీలున్నచోట కనీసము అయిదవ తరగతివరకు ఇంటి భాషలో బోధింపవలెనని 2020 జాతీయ విద్యావిధానము కోరుచున్నది. ఆంగ్లమాధ్యమము నడుపు బడి కూడ ఇంటి భాషను శత్రువుగా చూడక, మెట్టుగా వాడుకొనవచ్చును. కిండర్‌గార్టెన్ అను పేరును 1840లో పెట్టిన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ ఆ మాటకు ఉద్దేశించిన అర్థము పిల్లల తోట. తోటమాలి నారు తెచ్చునపుడు వేళ్ళ చుట్టునున్న మట్టిని దులిపివేయడు. ఆ మట్టితోనే పాతును.

జూన్ నెలలో తొలిదినపు సాయంత్రము బస్సు తిరిగి వచ్చును. బిడ్డ సంచి క్రింద పడవేసి జేజి ఒడిలోనికి పోవును. "బడిలో ఏం జేసినావు నాయనా?" అని ఆమె అడుగును. ఏ పాట పాడిరి, ఎవరు ఏడ్చిరి, ఎవరి బువ్వ ఎవరు తినిరి, టీచరమ్మ చీరె ఏ రంగు అని బిడ్డ ఊపిరాడక చెప్పుకొనిపోయినచో, ఆ ఇంట సన్నాహము చక్కగా జరిగినదని తలపవచ్చును. ఆ మాటలన్నియు మెల్లమెల్లగా ఆంగ్లములోనికి నడచిపోగలవు. చెప్పవలసిన మాటయే లేక బిడ్డ మౌనముగా కూర్చున్నచో, ఆంగ్లమునకు మాత్రము ఏమి అందును?